పందికోన కుక్కకు చెవుల అంచున పుండ్లు, ఆగని నవ: సలహా కావాలి

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు) | జూన్ 9, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. పత్తికొండ దగ్గరి పందికోన నుంచి ఏడాది కిందట తెచ్చుకున్న మా కుక్క చర్మవ్యాధి గురించి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవగలరు. దాని పేరు నల్లోడు, వయసు 14 నెలలు, బరువు 19 కిలోలు.

ఆరు వారాల కిందట దాని చెవుల అంచుల మీద తవుడు చల్లినట్టు పొలుసులు కనిపించాయి. ఎండలకు చర్మం ఎండిపోయిందనుకొని కొబ్బరినూనె రాశాము. పది రోజులు గడిచేసరికి ముందుకాళ్ళ మోచేతుల దగ్గర, వెనుక కాళ్ళ మడమల మీద బొచ్చు ఊడి, ఎర్రటి పొక్కులు లేచాయి. గోకిన కొద్దీ అవి పుండ్లయి, రసి కారి, పక్కు కడుతున్నాయి. కట్టిన పక్కును అది మళ్ళీ పళ్ళతో పీకేస్తున్నది. రాత్రిపూట మరీ ఘోరం. వరండాలో పరిచిన బేతంచెర్ల బండల మీద గోకుతున్న కాలు టకటకమని తగిలే చప్పుడుకు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండడం లేదు.

దగ్గరలోని ఒక క్లినిక్‌లో చూపిస్తే అలర్జీ అని చెప్పి ఒక సూది వేశారు. ఐదు రోజులు హాయిగా పడుకున్నది. ఆరో రోజు నుంచి నవ రెండింతలయింది. మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే సూది, మళ్ళీ అదే కథ. చీటీలో డెక్సామెథాసోన్ అని ఉన్నది. మందుల షాపులో ఒకాయన, పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది ఒక మిల్లీలీటరు వేసేస్తే గజ్జి మాయమవుతుందని చెప్పారు. మా అత్తగారేమో చికెన్ వేడి చేయడం వల్లనే ఇదంతా అని నిర్ణయించి, రెండు వారాలుగా పెరుగన్నమే పెడుతున్నారు. పక్కింటి పెద్దాయన కాలిన ఇంజనాయిలు పూయమంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడికి వచ్చాను.

పెన్నా ఇసుక (అనంతపురం) | జూన్ 9, రాత్రి 10:40

మా ఇంట్లో గొర్రెల మంద ఉన్నది, మందతోపాటు తిరిగే కుక్కలు ఎప్పుడూ మూడు నాలుగు ఉంటాయి. గజ్జి పట్టిన ప్రతిసారీ మా నాయన ట్రాక్టరు నుంచి తీసిన కాలిన ఆయిలే పూసేవాడు. నా కళ్ళ ముందే రెండు కుక్కలు బాగుపడ్డాయి. పెద్దాయన మాటను అంత తేలిగ్గా తీసేయవద్దని నా మనవి.

పాత పశువైద్యుడు (కడప) | జూన్ 10, ఉదయం 6:25

తుంగభద్ర ఒడ్డు గారూ, ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. కుక్కను చూడకుండా రోగం పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు గనుక ముందు నాలుగు సంగతులు అడుగుతాను.

ఇంట్లో మనుషులెవరికైనా ఈ మధ్య దద్దుర్లు గానీ దురద గానీ వచ్చాయా? వీధి కుక్కలతో దీనికి రాకపోకలున్నాయా? తోక మొదట్లో, నడుము మీద కూడా గోకుతున్నదా, లేక చెవులూ మోచేతులూ మడమలూ పొట్టా మాత్రమేనా? ఇక నాలుగోది మీరు ఇంట్లోనే చేసి చూడదగిన చిన్న పరీక్ష. కుక్క ప్రశాంతంగా కూర్చున్నప్పుడు చెవి కొనను పట్టుకొని, ఆ అంచును చెవి మొదలు వైపు మడిచి, రెండు వేళ్ళ మధ్య బట్ట ఉతికినట్టు ఐదారు సెకన్లు రుద్దండి. అప్పుడు అదే వైపు వెనుక కాలు దానంతటదే గాలిలో గోకడం మొదలుపెడుతుందా లేదా చూసి చెప్పండి. రుద్దిన చేతులను తరువాత సబ్బుతో బాగా కడుక్కోవాలి.

పెన్నా ఇసుక గారూ, మీ నాయనగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. జిడ్డు కింద ఊపిరాడక కొన్ని పురుగులు చచ్చి ఉండవచ్చు, కాదనను. కానీ కాలిన ఆయిల్లో సీసం వంటి లోహాలు, పెట్రోలియం విషాలు ఉంటాయి. ఒలిచిన పుండు మీద పూస్తే చర్మం వాటిని పీల్చుకుంటుంది, ఆపైన కుక్క నాకి మింగుతుంది. మే నెల ఎండలో నూనె పూసిన నల్ల కుక్కకు చర్మం కాలిపోవడం నేను చూశాను. బాగుపడిన రెండూ మీకు గుర్తున్నాయి. కాలేయం చెడి, మూలన పడుకొని పోయిన కుక్కను ఎవరూ ఆయిలు ఖాతాలో రాయరు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు) | జూన్ 10, రాత్రి 8:03

డాక్టరు గారికి ధన్యవాదాలు. మీరడిగినవన్నీ ఒక్కొక్కటిగా చూశాను. తోక మొదట్లో ఏమీ లేదు, నడుము శుభ్రంగా ఉన్నది. మా గేటు పక్కన మురుగు కాలువ అరుగు మీద ఒక ఆడ వీధి కుక్క రెండు నెలలుగా పడుకుంటున్నది, దాని తోక పూర్తిగా బోడి అయిపోయింది. నల్లోడు గేటు సందులోంచి దానితో ముక్కు రాసుకుంటూ ఉంటాడు. చెవి రుద్దిన మరుక్షణం కాలు గాలిలో ఆడింది, రెండు వైపులా అంతే.

మొదటి ప్రశ్న చదివి నా భార్యను అడిగితే, మోచేతి లోపలి వైపూ నడుము దగ్గరా పదిహేను రోజులుగా సన్నటి ఎర్ర పొక్కులు ఉన్నాయని, చెమట పొక్కులనుకొని పౌడరు చల్లుకుంటున్నానని చెప్పింది. నల్లోడిని రోజూ ఒళ్ళో పెట్టుకొనేది ఆమే.

పాత పశువైద్యుడు (కడప) | జూన్ 11, ఉదయం 6:10

మీరు చెప్పిన గుర్తులన్నీ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. దీన్నే మనవాళ్ళు గజ్జి అంటారు, వైద్యంలో సార్కాప్టిక్ మాంజ్ అంటారు. కారణం సార్కాప్టిస్ స్కేబియై అనే సూక్ష్మమైన పురుగు, పొడవు అర మిల్లీమీటరు కన్నా తక్కువ. ఆడ పురుగు చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ పోయి అందులోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి మళ్ళీ గుడ్లు పెట్టే పురుగు కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. బొచ్చు పలుచగా ఉండే చోట్లంటే దానికి ఇష్టం, అందుకే చెవి అంచు, మోచేయి, మడమ, పొట్ట. ఆ పురుగు మలానికీ లాలాజలానికీ చర్మం చూపే అలర్జీ వల్లనే ఇంత నవ. కాబట్టి మీ క్లినిక్ వారు అలర్జీ అన్న మాట పూర్తిగా తప్పని అనలేను. అలర్జీ దేనికి అన్నది వెతకలేదు, అంతే.

డెక్సామెథాసోన్ అనే ఆ స్టెరాయిడ్ సూది అలర్జీని అణచివేసింది, అందుకే ఐదు రోజులు నిద్ర పట్టింది. అదే సమయంలో చర్మం తన్ను తాను కాపాడుకునే శక్తి తగ్గి, పురుగులకు అడ్డు లేకుండా పోయింది. సూది ప్రభావం దిగేసరికి ముందుకన్నా ఎక్కువ పురుగులు, ఎక్కువ నవ. మీరు రాసిన ఆ ఐదు రోజులూ ఆరో రోజూ చదవగానే నాకు అనుమానం వచ్చింది. మూడోసారి అదే సూది వేయించవద్దు.

రేపు కుక్కను పశువైద్యశాలకు తీసుకువెళ్ళి చర్మం గీకి పరీక్ష చేయమని అడగండి. పక్కు అంచున, ఇంకా గోకని కొత్త పొక్కు మీద ఒక చుక్క పారఫిన్ వేసి, బ్లేడుతో నాలుగైదు చోట్ల విశాలంగా గీకి, ఆ పొట్టును గాజు పలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. అయితే ఒక మాట ముందే చెబుతున్నాను. ఈ పురుగులు ఒంటి మీద కొద్ది సంఖ్యలోనే ఉంటాయి, గోకుడుకు కొన్ని రాలిపోతాయి. గజ్జి ఉన్న కుక్కల్లో సగానికి పైగా మొదటి గీకుడులో ఏమీ దొరకదు. దొరకలేదంటే లేదని అర్థం కాదు. గుర్తులు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మందు ఇచ్చి చూడడమే సరైన పద్ధతి.

ఇప్పుడు ఐవర్‌మెక్టిన్ సంగతి. మందు చెడ్డది కాదు, దాన్ని కనుగొన్నవారికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. గొడవంతా మోతాదులో ఉన్నది. పశువుల సూదిమందు 1 శాతంది, అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. 50 కిలోల దూడకు సరిపోయే మందు అది. గజ్జికి కుక్కలకు వాడే మోతాదు కిలోకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. నాలుగు కిలోల కుక్కపిల్లకు ఒక మిల్లీలీటరు వేశారనుకోండి, కిలోకు రెండున్నర మిల్లీగ్రాములు పడుతుంది, తక్కువలో తక్కువ ఆరు రెట్లు. కనుపాపలు పెద్దవవుతాయి, చొంగ కారుతుంది, తాగినట్టు తూలుతుంది, చూపు పోతుంది, ఆపైన స్పృహ ఉండదు. విరుగుడు మందు లేదు. సెలైను ఎక్కించి, దేహం దాన్ని బయటకు పంపేదాకా కాచుకొని కూర్చోవడమే. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతుల్లో ఒక జన్యు లోపం వల్ల మామూలు గజ్జి మోతాదే ప్రాణం తీయగలదు. జాతి కుక్క రక్తం ఎక్కడెక్కడ కలిసిందో తెలియని కుక్కలకు షాపులో అంచనా మీద సూది లాగడం నాకు భయం.

ఇప్పుడు ఇంతకన్నా నమ్మకమైన మాత్రలు ఉన్నాయి. ఫ్లూరాలనర్, అఫాక్సోలనర్, సారోలనర్ అనేవి ఒకే కుటుంబపు మందులు; బ్రావెక్టో, నెక్స్‌గార్డ్, సింపారికా అనే పేర్లతో దొరుకుతాయి. ఫ్లూరాలనర్ ఒక్క మాత్ర 12 వారాలు పనిచేస్తుంది, అన్నంతోపాటు ఇస్తే బాగా ఒంటబడుతుంది. అఫాక్సోలనర్ అయితే నెల తేడాతో రెండుసార్లు ఇవ్వాలి. మీ కుక్క బరువుకు ఏ పరిమాణం అన్నది అక్కడి వైద్యులు రాస్తారు. దానికి ఇంతకు ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, ఈ మందుల వల్ల కొన్ని కుక్కలకు ఫిట్స్ రావచ్చని 2018లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది.

మీ భార్యగారు చర్మ వైద్యులకు చూపించుకోవాలి. కుక్క గజ్జి పురుగు మనిషి చర్మంలో సంతతిని పెంచుకోలేదు. నల్లోడు బాగుపడిన కొన్ని వారాల్లో ఆమె దురద కూడా తగ్గుతుంది. అంతవరకు ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మానాలి, ఇది చెప్పినంత సులభం కాదని నాకు తెలుసు.

వడ్డించే చెయ్యి (ప్రొద్దుటూరు) | జూన్ 11, మధ్యాహ్నం 2:30

ఈ చర్చ చదివిన తరువాత నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. మా నాలుగు నెలల ల్యాబ్రడార్ పిల్లకు కళ్ళ చుట్టూ బొచ్చు ఊడి కళ్ళజోడు పెట్టినట్టుగా ఉన్నది, ముందుకాలి మీద రూపాయి బిళ్ళంత మరో మచ్చ ఉన్నది. గోకడం దాదాపు లేదు. ఇది కూడా గజ్జేనని, పిల్లలున్న ఇంట్లో ఉంచకూడదని, ఎక్కడైనా ఊరి బయట వదిలిపెట్టమని మా బంధువులు పట్టుబడుతున్నారు. మా పాప రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు.

వేదిక నిర్వాహకులు | జూన్ 11, మధ్యాహ్నం 3:05

వడ్డించే చెయ్యి గారూ, మామూలుగా అయితే ఇటువంటి ప్రశ్నను వేరే చర్చగా మార్చుతాము. రెండు వ్యాధులనూ పక్కపక్కన చూడడం చదివేవారికి ఉపయోగమని డాక్టరు గారు సందేశం పంపినందువల్ల ఇక్కడే ఉంచుతున్నాము.

గాజు పలక (ప్రొద్దుటూరు) | జూన్ 11, సాయంత్రం 6:48

అమ్మా, నేను ఇక్కడి పశువైద్య కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్నాను. దయచేసి పిల్లను ఎక్కడా వదలకండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది డెమోడెక్స్ అనే మరో పురుగు కావడానికే అవకాశం ఎక్కువ. మా ప్రయోగశాలలో మొదటిసారి దాన్ని చూసినప్పుడు నాకు గుర్తుకొచ్చింది మా తాత కాల్చే చుట్ట. అచ్చం అదే ఆకారం, ముందు భాగంలో ఎనిమిది పొట్టి కాళ్ళు. ఇది వెంట్రుక కుదురులో బతుకుతుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో పాలు తాగేటప్పుడు తల్లి నుంచి పిల్లకు వస్తుంది, దాదాపు ప్రతి కుక్క ఒంటి మీదా కొద్దిగా ఉంటుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోని పిల్లల్లో అక్కడక్కడా పెరిగి బొచ్చు ఊడుతుంది. ఇది మనుషులకు అంటదు. మరో పెద్ద కుక్కకు కూడా అంటదు. పాపను ఆడుకోనివ్వవచ్చు.

నాలుగైదు మచ్చలకే పరిమితమైతే చాలా పిల్లల్లో ఏ మందూ లేకుండా తగ్గిపోతుంది. మచ్చలు పెరుగుతున్నా, పాదాలు వాచినా, చీము పొక్కులు వచ్చినా అప్పుడు చికిత్స తప్పదు. ఏ స్థితిలోనూ స్టెరాయిడ్ సూది గానీ, మనం మందుల షాపులో కొనే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు క్రీములు గానీ వాడవద్దు, వాటిలో స్టెరాయిడ్ కలిసే ఉంటుంది. పరీక్ష మాత్రం చేయించాలి, ఎందుకంటే గుండ్రటి మచ్చ తామర కూడా కావచ్చు, తామరైతే పిల్లలకు అంటుతుంది. డెమోడెక్స్ కోసం చర్మాన్ని వేళ్ళ మధ్య నొక్కి, కొద్దిగా రక్తం చిమ్మే వరకు లోతుగా గీకుతారు. గజ్జికి పైపైన విశాలంగా, దీనికి లోతుగా. చూడడానికి బాధగా ఉంటుంది కానీ సార్కాప్టిస్ లాగా ఇది దాక్కోదు, ఉంటే దొరుకుతుంది.

వడ్డించే చెయ్యి (ప్రొద్దుటూరు) | జూన్ 11, రాత్రి 7:20

బాబూ, నువ్వు రాసినదాన్ని మా పాపకు చదివి వినిపించాను. రేపు ఉదయమే తీసుకువస్తాము.

వేపచెట్టు నీడ (నంద్యాల) | జూన్ 12, ఉదయం 9:15

డాక్టరు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే నా సందేహం చెబుతాను. ఇంటి ముందు వేపచెట్టు, పొలం గట్టున కానుగ చెట్టు పెట్టుకొని, ఒక్క మాత్రకు అంత ధర పెట్టడం అందరికీ సాధ్యమా? వేపనూనెకు పురుగులను చంపే గుణం ఉందని శాస్త్రమే ఒప్పుకుంటున్నప్పుడు దాన్ని ఎందుకు చెప్పడం లేదు? అదీ కాక చికెన్ వేడి గురించి అత్తగారు అన్న మాటకు ఎవరూ జవాబు ఇవ్వలేదు.

పాత పశువైద్యుడు (కడప) | జూన్ 12, మధ్యాహ్నం 12:40

మంచి ప్రశ్నలు. వేపనూనెకు పురుగులను అడ్డుకునే గుణం ఉన్నది. పైపైన తిరిగే పేల మీద, పిడుదుల మీద కొంత పనిచేస్తుంది. కానీ గజ్జి పురుగు చర్మం లోపల సొరంగంలో ఉంటుంది; ఒంటి మీది ప్రతి అంగుళానికీ, వారాల తరబడి, నూనె లోపలికి దిగేలా పూయడం ఎవరి వల్లా కాదు. చేదుకు కుక్క నాకదనుకుంటారు, నాకుతుంది, వాంతి చేసుకుంటుంది. ధర గురించి మీరన్నది నిజం. మాత్ర కొనలేనివారికి ప్రభుత్వ వైద్యశాలలో తూకం ప్రకారం ఐవర్‌మెక్టిన్ వేయించుకునే దారి ఉన్నది. అదే మందును షాపులో కళ్ళతో కొలిచి వేయడాన్నే నేను కాదంటున్నాను. అమిట్రాజ్ ద్రావణంతో తడపడం మరో పాత పద్ధతి. నీళ్ళలో కలిపే పాళ్ళు తప్పితే కుక్క మగతలోకి పోతుంది, కాబట్టి అది కూడా వైద్యుడు చెప్పిన కొలతతోనే.

ఇక చికెన్. తిండి వల్ల గజ్జి రాదు, పురుగు వల్ల వస్తుంది. అయితే కొన్ని కుక్కలకు ఒక రకం మాంసం పడక నవ రావడం ఉన్నది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి అది ఇంతవరకు తినని ఒకే రకం మాంసం, ఒకే ధాన్యం కనీసం ఎనిమిది వారాలు పెట్టి చూడాలి, నడుమ బిస్కెట్టు ముక్క కూడా పడకూడదు. రెండు వారాల పెరుగన్నంతో ఏమీ తేలదు. పుండ్లు మానడానికి మాంసకృత్తులు అవసరమైన సమయంలో కుక్కను పస్తు ఉంచినట్టవుతుంది. ఈ మాటను అత్తగారికి నెమ్మదిగా, నా పేరు చెప్పి, చెప్పండి.

పెన్నా ఇసుక (అనంతపురం) | జూన్ 12, రాత్రి 9:50

ఆయిలు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా కుక్కల్లో ఒకదానికి చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు గుత్తులుగా ఉన్నాయి, అవి కరిచినచోట పుండ్లవుతున్నాయి. సీతాఫలం గింజలు నూరి పూస్తే పోతాయని మా ఊళ్ళో అంటారు. పూయవచ్చునా? ఇంట్లో పాత గమాక్సిన్ పొడి కూడా ఒక డబ్బా ఉన్నది.

గాజు పలక (ప్రొద్దుటూరు) | జూన్ 12, రాత్రి 10:31

అన్నా, రెండూ వద్దు. సీతాఫలం గింజల పొడి పేలను చంపే మాట నిజమే గానీ, అది కంట్లో పడితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. తలకు పేలమందుగా పెట్టుకొని కంటి ఆసుపత్రికి వెళ్ళిన మనుషులున్నారు. చెవి దగ్గర పూస్తే కుక్క కాలితో కంట్లోకి తెచ్చుకుంటుంది. గమాక్సిన్‌లో ఉండే బీహెచ్‌సీ అనే పురుగుమందును మన దేశంలో 1997లోనే నిషేధించారు, ఆ డబ్బాను పిల్లలకు, పశువులకు అందకుండా పెట్టండి.

పిడుదులకు కూడా డాక్టరు గారు చెప్పిన మాత్రలే పనిచేస్తాయి. అయితే కుక్క మీద కనబడేవి కొన్నే. రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్ళలో, గుంజ మొదట్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్కను కట్టేసే చోట మట్టి గోడ బీటలను పూడ్చండి. కుక్క తిండి మానేసినా, ముక్కు నుంచి రక్తం కారినా, చిగుళ్ళు పాలిపోయినా ఆ రోజే వైద్యశాలకు తీసుకువెళ్ళాలి, అది పిడుదుల ద్వారా వచ్చే జ్వరం కావచ్చు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు) | జూన్ 14, రాత్రి 9:00

నిన్న పశువైద్యశాలకు వెళ్ళి వచ్చాము. ఐదు చోట్ల గీకారు. డాక్టరు గారు ముందే చెప్పినట్టు ఏమీ దొరకలేదు. ముందే చదివి ఉండకపోతే నేను అక్కడే నిరాశపడి ఇంటికి వచ్చేసేవాడిని. చెవి పరీక్షను, నా భార్య పొక్కులను, స్టెరాయిడ్ సూదుల సంగతిని చెప్పిన తరువాత అక్కడి వైద్యురాలు గజ్జిగానే భావించి ఫ్లూరాలనర్ 500 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. పుండ్లలో బాక్టీరియా చేరి చీము పట్టినందున సెఫలెక్సిన్ మూడు వారాలు, వారానికి రెండుసార్లు క్లోరెక్సిడిన్ షాంపూ స్నానం. నురుగు పట్టించి పది నిమిషాలు ఆగి కడగాలన్నారు. పది నిమిషాలు నల్లోడిని పట్టుకోవడం ఎంత కష్టమో నా చొక్కాను చూస్తే తెలుస్తుంది. పుండ్లను నాకకుండా మెడకు గరాటు కట్టారు, అది తలుపు వాకిలికి తగులుకుంటూ తిరుగుతున్నాడు.

వాడి గోనెపట్టాలను పారేశాము. దుప్పటిని మరిగే నీళ్ళలో ఉడకబెట్టి మేడ మీద ఎండేశాము.

పాత పశువైద్యుడు (కడప) | జూన్ 15, ఉదయం 6:02

మంచి చికిత్స. కర్నూలు ఎండ ఈ విషయంలో మీకు తోడు. చల్లటి తేమ చోట్ల ఈ పురుగు కుక్క ఒంటిని విడిచి కూడా రెండు మూడు వారాలు బతకగలదు, పొడి వేడిలో కొద్ది రోజులకు మించి నిలవదు. నవ వెంటనే పోదు. పురుగు చచ్చినా దాని అవశేషాలు చర్మంలో ఉన్నంత కాలం అలర్జీ సాగుతుంది, రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. తగ్గలేదని ఆదుర్దాపడి మరో మందు మొదలుపెట్టడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు) | జులై 6, రాత్రి 8:35

మూడు వారాల తరువాత రాస్తున్నాను. తొమ్మిదో రోజు రాత్రి మెలకువ వచ్చి, చప్పుడు ఎందుకు రావడం లేదా అని భయపడి వరండాలోకి వెళ్ళి చూస్తే, నల్లోడు వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. చెవి అంచుల్లో పొలుసులు రాలి, కింద లేత గులాబీ చర్మం మీద సన్నటి నల్ల బొచ్చు మొలుస్తున్నది. నా భార్య పొక్కులు కూడా దాదాపు పోయాయి. చికెన్ మళ్ళీ మొదలయింది. అత్తగారే తన చేతులతో పెడుతున్నారు, ఎముకలు తీసి మరీ.

అయితే ఒక సమస్య మిగిలింది. చంకల్లో, పాదాల వేళ్ళ మధ్య చర్మం జిడ్డుగా మారి, నల్లబడి, పులిసిన పిండి వాసన వస్తున్నది. పాదాలను ఎప్పుడూ నాకుతున్నాడు. గజ్జి తిరగబెట్టిందా?

పాత పశువైద్యుడు (కడప) | జులై 7, ఉదయం 6:15

చెవి అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు, నవ చంకల్లోకీ పాదాల్లోకీ మారింది, వాసన ఉన్నది. ఇది గజ్జి లక్షణం కాదు. మలసీజియా అనే ఈస్టు శిలీంధ్రం చర్మం మీద మామూలుగానే ఉంటుంది. చర్మం దెబ్బతిన్నప్పుడు, తేమ తగిలినప్పుడు అవకాశం చూసుకొని పెరుగుతుంది. జిగురు టేపును చర్మానికి అంటించి తీసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే నిమిషాల్లో తేలిపోతుంది. అదే అయితే క్లోరెక్సిడిన్‌తోపాటు మైకోనజోల్ కలిసిన షాంపూకు మారుస్తారు. స్నానం తరువాత వేళ్ళ సందులను పొడిగా తుడవడం మరువవద్దు.

అన్నట్టు, గేటు పక్కన పడుకునే ఆ ఆడ కుక్క సంగతి ఏమయింది? మాత్ర ప్రభావం 12 వారాలే.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు) | జులై 19, రాత్రి 9:40

మీరన్నట్టే ఈస్టు అని టేపు పరీక్షలో తేలింది. షాంపూ మార్చిన పది రోజులకు వాసన పోయింది.

గేటు దగ్గరి కుక్క గురించి మీరు అడిగిన రోజు నాకు సిగ్గేసింది. మా ఇంటిదాన్ని అంత శ్రద్ధగా చూసుకుంటూ, జబ్బు తెచ్చిన దాన్ని రాయి విసిరి తరిమేయమని నేనే పిల్లలకు చెప్పాను. మళ్ళీ పట్టుకొని రెండో మాత్ర వేయడం సాధ్యం కాదు గనుక దానికి కూడా ఫ్లూరాలనరే మేలని వైద్యురాలు చెప్పారు, కానీ తూకం తప్పకూడదన్నారు. వీధి చివరి కిరాణా కొట్లో బియ్యం బస్తాలు తూచే కాటా ఉన్నది. బిస్కెట్లు చూపించి దాన్ని కాటా మీదికి ఎక్కించడానికి కొట్టాయన, నేను, మరో ఇద్దరు కుర్రాళ్ళు కలిసి అరగంట తంటాలు పడితే 13 కిలోలని తేలింది. ఫిట్స్ వచ్చినట్టు వీధిలో ఎవరూ చూడలేదు.

మాత్రను ఉడికించిన కోడిగుడ్డులో పెడితే గుడ్డు తిని మాత్రను ఊసేసింది. మరుసటి రోజు అన్నంలో పెడితే చుట్టూ అన్నం తిని, మాత్రను ఒంటరిగా ఆకు మీద వదిలేసింది. ఈ రోజు పొద్దున నా భార్య మేక కార్జం ముక్కను చీల్చి, లోపల మాత్ర దూర్చి, ముందు రెండు ఉత్త ముక్కలు వేసి, మూడోదిగా దాన్ని విసిరింది. నమలకుండానే మింగేసింది. నల్లోడు గేటు లోపల గరాటు లేని మెడ చాచి, తనకు రాని నాలుగో ముక్క కోసం అరుస్తూనే ఉన్నాడు.